గుర్తింపు లేని మెజారిటీకి నాయకుడు శంకర్ గుహా నియోగి

ఒకే పరిశ్రమలో పలు కార్మిక సంఘాలు ఉన్నప్పుడు యాజమాన్యంతో బేరమాడి ఒప్పందంపై సంతకం చేసే హక్కు ఎవరిది? ఈ ప్రశ్నకు మన దేశ చట్టం దశాబ్దాల తరబడి స్పష్టమైన సమాధానం ఇవ్వలేదు. సింగరేణిలోను, ఆర్టీసీలోను గుర్తింపు సంఘం ఎన్నికలను చూసిన తెలుగువారికి ఈ సమస్య కొత్తది కాదు. అయితే అటువంటి ఎన్నిక ఏదీ లేని చోట, బస్తర్‌కు ఉత్తరపు అంచున గల దల్లీ రాజహరా ఇనుప గనులలో, దాదాపు పదివేల మంది కాంట్రాక్టు కార్మికులు 1977లో తమ మెజారిటీని తామే చాటుకున్నారు. వారు కోరి తెచ్చుకున్న నాయకుడు శంకర్ గుహా నియోగి.

ఆయన అసలు పేరు ధీరేశ్. 1943 ఫిబ్రవరి 14న బెంగాలీ కుటుంబంలో జన్మించారు. బాల్యం అస్సాంలో గడిచింది. జల్పాయీగుడిలో విద్యార్థి ఉద్యమంలో పాల్గొన్నారు. 1960 దశకం తొలినాళ్లలో భిలాయ్ చేరుకుని, ఉక్కు కర్మాగారపు కోక్ ఓవెన్ విభాగంలో పనికి కుదిరారు. అక్కడి కార్మికులను సమీకరించినందుకు ఆ దశకం ముగియకముందే ఉద్యోగం కోల్పోయారు. తరువాత శంకర్ అన్న పేరుతో ఛత్తీస్‌గఢ్ పల్లెలలో తిరుగుతూ కూలి పనులు చేశారు. దల్లీ రాజహరాకు సమీపంలోని దానీటోలా క్వార్ట్‌జైట్ గనిలో రాళ్లు కొట్టారు. అక్కడే తోటి కార్మికురాలైన ఆశను వివాహమాడారు. అత్యయిక పరిస్థితి కాలంలో మీసా చట్టం కింద నిర్బంధానికి గురై 1977లో విడుదలయ్యారు.

దల్లీ రాజహరా గనులు భిలాయ్ ఉక్కు కర్మాగారానికి చెందినవి. యంత్రాలతో నడిచే గనులలో పర్మినెంటు కార్మికులు పనిచేసేవారు. చేతితో ఖనిజం తవ్వి లారీలకు ఎత్తే పని మాత్రం కాంట్రాక్టర్ల కింద సాగేది. ఆ పనిచేసే వారిలో అత్యధికులు పరిసర గ్రామాల నుంచి వచ్చిన ఆదివాసులు, నిరుపేద రైతులు. వారిలో స్త్రీల సంఖ్య కూడ గణనీయమే. గుర్తింపు పొందిన ఏఐటీయూసీ, ఐఎన్‌టీయూసీ సంఘాలు ఆ సంవత్సరం యాజమాన్యంతో బోనస్ ఒప్పందం కుదుర్చుకున్నాయి. దాని ప్రకారం పర్మినెంటు కార్మికునికి 308 రూపాయలు, కాంట్రాక్టు కార్మికునికి 70 రూపాయలు లభిస్తాయి. ఒకే కర్మాగారానికి ఖనిజం అందించే వారి మధ్య ఇంత తేడాను కాంట్రాక్టు కార్మికులు అంగీకరించలేదు. రెండు సంఘాలనూ వీడి మూకుమ్మడిగా బయటకు వచ్చారు.

ఒప్పందం చట్టబద్ధమే. సంతకం చేసిన సంఘాలకు గుర్తింపు కూడ ఉన్నది. అయితే ఆ ఒప్పందం వర్తించే వారిలో అధికభాగం ఆ సంఘాల వెంట లేరు. చెర నుంచి అప్పుడే విడుదలైన నియోగి వద్దకు కార్మికులు వెళ్లి నాయకత్వం వహించవలసిందిగా కోరారు. ఆ విధంగా ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ అవతరించింది. కార్మికుల తప్పిదం లేకుండా పని దొరకని రోజులకు వేతనం ఇవ్వాలని, వర్షాకాలానికి ముందు గుడిసెల మరమ్మతుకు భత్యం చెల్లించాలని కొత్త సంఘం కోరింది. సమ్మె ఫలితంగా అంగీకారం కుదిరినా దాని అమలు దగ్గర వివాదం మళ్లీ రాజుకుంది. 1977 జూన్ 2వ తేదీ రాత్రి పోలీసులు నియోగిని అరెస్టు చేశారు. ఆ రాత్రి, మరునాడు జరిగిన కాల్పులలో 11 మంది ప్రాణాలు కోల్పోయారు. మృతులలో అనసూయాబాయి అనే కార్మికురాలు కూడ ఉన్నారు. అయినా సమ్మె ఆగలేదు. చివరకు డిమాండ్లు అంగీకరించక తప్పలేదు. కొత్త సంఘంతో మాట్లాడనిదే గని నడవదన్న సత్యం యాజమాన్యానికి బోధపడింది.

మరుసటి సంవత్సరం బస్తర్ నడిబొడ్డున మరొక విషాదం సంభవించింది. బైలదిలా కొండలలో ఇనుప ఖనిజం తవ్వే ఎన్‌ఎండీసీ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. అక్కడి ఖనిజం కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం మీదుగా విశాఖపట్నం చేరుతుంది. గనులలో యంత్రాలు ప్రవేశించడంతో చేతి పని చేసే వేలాది కాంట్రాక్టు కార్మికుల ఉపాధికి ముప్పు వాటిల్లింది. తొలగింపులను ప్రతిఘటించిన కార్మికులపై 1978 ఏప్రిల్ 5న కిరండూల్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. పలువురు మరణించారు. యంత్రీకరణ ఎవరి బ్రతుకు మీదికి వస్తుందో దల్లీ కార్మికులకు ఈ ఉదంతం కళ్లకు కట్టింది.

అందువలన నియోగి యంత్రాలను గుడ్డిగా వ్యతిరేకించలేదు. ఉపాధిని కాపాడుతూనే ఉత్పత్తి పెంచే పాక్షిక యంత్రీకరణ పథకాన్ని సంఘం తరపున యాజమాన్యం ముందుంచారు. పూర్తి యంత్రీకరణను దల్లీ కార్మికులు చాలా కాలం నిలువరించగలిగారు. సంఘం వేతన బేరానికే పరిమితం కాలేదు. మద్యపానానికి వ్యతిరేకంగా ప్రచారం సాగించింది. కార్మికుల చందాలతోను, శ్రమదానంతోను నిర్మించిన షహీద్ ఆసుపత్రి, 1977 మృతుల స్మారకంగా 1983 జూన్ 3న ప్రారంభమైంది. ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా కూడ ఈ ఉద్యమం నుంచే పుట్టింది. 1981లో జాతీయ భద్రతా చట్టం కింద నియోగిని నిర్బంధించినా సంఘం చెదరలేదు. సభ్యులు పుస్తకాలలో గాక బస్తీలలో ఉండటమే అందుకు కారణం.

1990లో నియోగి దృష్టి భిలాయ్‌లోని ప్రైవేటు పరిశ్రమల వైపు మళ్లింది. జీవన వేతనం, ఉద్యోగ భద్రత, సంఘం పెట్టుకునే హక్కు అక్కడి ప్రధాన డిమాండ్లు. సంఘంలో చేరిన వేలాది కార్మికులు పని కోల్పోయారు. 1991 ఆరంభంలో నియోగి మళ్లీ జైలు పాలయ్యారు. ఆ సెప్టెంబరులో కార్మిక బృందంతో ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతికి వినతిపత్రం సమర్పించారు. సెప్టెంబరు 28 తెల్లవారుజామున భిలాయ్‌లోని నివాసంలో నిద్రిస్తుండగా హంతకుడు ఆయనను కాల్చి చంపాడు. అప్పటికి ఆయన వయస్సు 48 సంవత్సరాలు. 1997లో దుర్గ్ సెషన్స్ కోర్టు పారిశ్రామికవేత్తలతో సహా పలువురికి శిక్ష విధించింది. మరుసటి సంవత్సరం హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. 2005లో సుప్రీంకోర్టు కాల్పులు జరిపిన వ్యక్తికి మాత్రం యావజ్జీవ శిక్ష ఖరారు చేసి, మిగిలినవారి విడుదలను సమర్థించింది.

నియోగి జీవితకాలంలో చట్టం పరిస్థితి ఏమిటి? 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం ప్రకారం ఏడుగురు చేరితే సంఘాన్ని రిజిస్టరు చేయించవచ్చు. దానిని యాజమాన్యం విధిగా గుర్తించాలన్న నిబంధన లేదు. నిర్బంధ గుర్తింపు కల్పిస్తూ 1947లో చేసిన సవరణ అమలులోకి రానేలేదు. 1958 నాటి క్రమశిక్షణా నియమావళి ఐచ్ఛికమైనది. దాని కింద చందా పుస్తకాలు, సభ్యత్వ రిజిస్టర్లు తనిఖీ చేసి బలాబలాలు తేల్చేవారు. పుస్తకంలోని పేరుకు, కార్మికుని మనస్సుకు పొంతన లేకపోతే ఏమవుతుందో దల్లీ ఉదంతమే నిదర్శనం. సింగరేణిలో గుర్తింపు సంఘాన్ని రహస్య బ్యాలెట్ ద్వారా ఎన్నుకునే పద్ధతి 1998లో మొదలైంది.

పారిశ్రామిక సంబంధాల స్మృతిని పార్లమెంటు 2020లో ఆమోదించగా, అది 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. మస్టర్ రోలులోని కార్మికులలో 51 శాతం మద్దతు గల సంఘమే ఏకైక బేరసారాల సంఘం అవుతుంది. ఏ సంఘానికీ అంత బలం లేకపోతే, కనీసం 20 శాతం మద్దతు గల సంఘాల ప్రతినిధులతో మండలి ఏర్పడుతుంది. చిరకాలపు లోటు దీనితో కొంత తీరింది. అయితే లెక్క ఏ మస్టర్ రోలు నుంచి తీస్తారన్నదే కీలకం. కాంట్రాక్టరు పుస్తకంలో ఉన్న కార్మికుడు గని యాజమాన్యపు జాబితాలో కానరాడు. 1977లో 70 రూపాయల బోనస్‌ను తిరస్కరించినవారు సరిగ్గా అటువంటివారే. దల్లీ నిల్వలు తరిగిపోతున్నందున భిలాయ్ కర్మాగారం బస్తర్‌లోని రావ్‌ఘాట్ ఖనిజం వైపు మళ్లుతున్నది. అక్కడ పారపట్టే చేతులను ఏ జాబితాలో లెక్కిస్తారన్న దానిపైనే కొత్త చట్టం విలువ ఆధారపడి ఉంటుంది.