దామెర్ల రామారావు: గీసినవీ, నేర్పినవీ

బి.ఏ. అయ్యాక ఏం చదువుతావని ఇంట్లో అడిగితే చిత్రకళ అన్నాను. అంతే, గొడవ మొదలైంది. నాన్న తమిళంలో, అమ్మ తెలుగులో అడిగింది ఒకటే: బొమ్మలు గీస్తే ఉద్యోగం ఎవరిస్తారని. ఎగ్మూరు దగ్గర 1850లోనే పెట్టిన ఆర్ట్ కాలేజీ ఉందన్నా వినలేదు. అందుకే ఈసారి మన గోడపత్రికకి, ఆ చదువే చదివిన ఒక తెలుగు చిత్రకారుడి గురించి రాస్తున్నాను.

దామెర్ల రామారావు 1897లో రాజమండ్రిలో పుట్టారు. చిన్నప్పటినుంచీ బొమ్మలంటే పిచ్చి. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర తనూ చిత్రకారుడే. ఈ కుర్రాడి చేతిలో ఉన్న పనితనం గుర్తించి, 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరడానికి సాయపడ్డారు. రామారావు అక్కడ 1920 దాకా చదివారు. నేర్చుకున్నది యూరప్ పద్ధతి. వేసినవి మాత్రం మన బొమ్మలు: తూర్పు కనుమల్లో గోదావరి, నంది పూజ, పూలతో అలంకరించుకునే ఆడవాళ్ళు. ఋష్యశృంగుడి కథ మీద వేసిన చిత్రానికి 1922లో కలకత్తా ప్రదర్శనలో వైస్రాయి బహుమతి వచ్చింది.

అంత పేరొచ్చినా బొంబాయిలో ఉండిపోలేదు. సొంత ఊరు వచ్చి చిత్రకళాశాల పెట్టి నేర్పడం మొదలుపెట్టారు. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. వందేళ్ళ కిందట ఒక ఇంట్లో ఆడవాళ్ళు కుంచె పట్టారంటే నాకు బహుమతి కంటే అదే గొప్పగా అనిపించింది.

1925 ఫిబ్రవరిలో మశూచి సోకి రామారావు చనిపోయారు. ఇంకా 28 ఏళ్ళు నిండలేదు. చదువు ముగిసి ఐదేళ్ళే. స్నేహితుడు వరద వెంకటరత్నం ఆ కళాశాలను నిలబెట్టారు. రామారావు చిత్రాలు ఇప్పటికీ రాజమండ్రిలో ఆయన పేరున్న ఆర్ట్ గ్యాలరీలో ఉన్నాయి.

ఇది నాన్న ప్రశ్నకి జవాబు కాదని నాకూ తెలుసు. కానీ సత్యవాణి గురించి చెప్తుంటే అమ్మ కూర తరగడం ఆపి విన్నది. తను స్కూల్లో చదివేటప్పుడు డ్రాయింగ్ లోయర్ పరీక్ష పాసయిందట. డ్రాయింగ్ టీచర్ అవుదామనుకుందట. హయ్యర్ రాయకముందే పెళ్ళి చేసేశారు. ఇన్నేళ్ళూ ఆ సంగతి నాకు తెలీదు.

వచ్చే ఆదివారం అమ్మా నేనూ ఎగ్మూరు మ్యూజియంలో బొమ్మలు చూడ్డానికి వెళ్తున్నాం. నాన్ననీ పిలిచాం. ఇంకా ఏమీ అనలేదు.