స్త్రీవిద్యకు, పుల్లరి పోరాటానికి అండగా నిలిచిన ఉన్నవ లక్ష్మీనారాయణ

సత్తెనపల్లి: సంఘ సంస్కర్త, స్వాతంత్ర్య సమరయోధుడు, నవలా రచయిత ఉన్నవ లక్ష్మీనారాయణ జయంతి డిసెంబరు 4. స్త్రీల ఆస్తి హక్కు, దళితుల గౌరవం, అడవిని నమ్ముకున్న ప్రజల హక్కు నేటికీ పరిపాలనలో ఎదురవుతున్న అంశాలు. వీటి మూలాలు ఏ చట్టాలలో, ఏ ఆచారాలలో ఉన్నాయో ఆయన జీవితం తెలియజేస్తుంది.

వితంతువులకు ఆశ్రయం

ఉన్నవ 1877లో నాటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడు గ్రామంలో శ్రీరాములు, శేషమ్మ దంపతులకు జన్మించారు. వితంతు పునర్వివాహానికి 1856లోనే చట్టం అనుమతించినా, సంఘం అంగీకరించని కాలమది. పైగా అదే చట్టం ప్రకారం మళ్ళీ పెళ్ళి చేసుకున్న స్త్రీ మొదటి భర్త ఆస్తిపై హక్కు కోల్పోయేది. ఈ పరిస్థితుల్లో 1902లో ఆయన గుంటూరులో వితంతు శరణాలయాన్ని నెలకొల్పారు. కందుకూరి వీరేశలింగం పంతులు బాటలో పునర్వివాహాలకు అండగా నిలిచారు. అనంతరం ఐర్లండులోని డబ్లిన్‌లో న్యాయశాస్త్రం అభ్యసించి బారిస్టరుగా తిరిగివచ్చారు. స్త్రీలకు చదువుతో పాటు జీవనోపాధి అవసరమని గుర్తించి 1922లో గుంటూరులో శారదా నికేతన్‌ను స్థాపించారు. సతీమణి లక్ష్మీబాయమ్మ ఈ కృషిలో సమాన భాగస్వామి. ఆమె ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు.

పల్నాడు అడవి, పుల్లరి

1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో ఊరి ఉమ్మడి అడవులు ప్రభుత్వ రక్షిత అడవులుగా మారాయి. పశువుల మేతకు పుల్లరి చెల్లించవలసి వచ్చింది. మేతను, వంటచెరకును తరతరాల హక్కుగా భావించిన పల్నాటి ప్రజలు 1921లో సత్యాగ్రహానికి పూనుకున్నారు. వారికి అండగా వెళ్ళిన ఉన్నవను ప్రభుత్వం అరెస్టు చేసి జైలులో ఉంచింది. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు వద్ద కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో ప్రాణాలర్పించారు.

జైలులోనే ఉన్నవ ‘మాలపల్లి’ నవల రచించారు. దళిత వ్యవసాయ కూలీ కుటుంబాన్ని కథకు కేంద్రంగా నిలిపిన ఈ నవలను నాటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 

నేటికీ మిగిలిన లెక్క

పుల్లరి ఉద్యమం ప్రధానంగా రైతుల పశువుల మేతకు సంబంధించినది. నల్లమలలోనే నివసించే చెంచుల భూమి హక్కుకు చట్టబద్ధమైన గుర్తింపు 2006 నాటి అటవీ హక్కుల చట్టంతో గాని రాలేదు. వలస పాలనలో జరిగిన చారిత్రక అన్యాయాన్ని ఆ చట్టమే తన పీఠికలో అంగీకరించింది. వివాహితుల విషయంలో హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరిట ఉమ్మడిగా ఉండాలని, గ్రామ అటవీ హక్కుల సంఘంలో కనీసం మూడో వంతు మహిళలు ఉండాలని నిర్దేశించారు. అడవి హక్కు, స్త్రీ హక్కు ఈ విధంగా ఒకే పత్రంలో కలిశాయి.

మైదాన ప్రాంతంలోనూ మార్పు మెల్లగానే వచ్చింది. 1956 హిందూ వారసత్వ చట్టం వితంతువుకు పూర్తి ఆస్తి హక్కు ఇచ్చింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెలకు వాటా 1986లో రాష్ట్ర సవరణ ద్వారా, 2005లో కేంద్ర సవరణ ద్వారా లభించింది. అయినా సత్తెనపల్లి పరిసరాల్లో పత్తి తీసే, మిరపకాయలు కోసే చేతులు ఎక్కువగా స్త్రీలవి కాగా, పట్టాదారు పాసు పుస్తకాల్లోని పేర్లు ఎక్కువగా పురుషులవే. పేరు లేనిచోట బ్యాంకు రుణం, పంట నష్ట పరిహారం అందడం కష్టమవుతుంది. సాగుదారు మరణించిన కుటుంబాల్లో ఈ భారం వితంతువుపైనే పడుతుంది.

ఉన్నవ 1958 సెప్టెంబరు 25న కన్నుమూశారు. చట్టం చేసినంత మాత్రాన హక్కు ఇంటికి చేరదని, దానిని చేర్చడానికి ఆశ్రయం, చదువు, సంఘబలం కావాలని ఆయన తన జీవితంతో నిరూపించారు. ఆస్తి రికార్డులలో స్త్రీ పేరును, అటవీ హక్కు పత్రాలలో చెంచు దంపతులిద్దరి పేర్లను నమోదు చేయించడమే ఆ మహనీయునికి నిజమైన నివాళి.