బొగ్గు గని నుండి పార్లమెంటుకు – కీర్ హార్డీ

బడికి వెళ్ళే భాగ్యం లేకపోయినా, గనిలోని చీకటిలో చదువు నేర్చుకొని బ్రిటన్ పార్లమెంటులో పేదల గొంతుకైన ఒక మహనీయుని గురించి తెలుసుకుందాం. ఆయనే జేమ్స్ కీర్ హార్డీ.

బ్రిటన్ ఉత్తర భాగంలో ఉన్న స్కాట్లాండ్ దేశంలో, లానార్క్‌షైర్ జిల్లాలో 1856 ఆగస్టు 15న ఆయన జన్మించారు. తల్లి మేరీ కీర్ పనిమనిషి. మారుతండ్రి డేవిడ్ హార్డీ ఓడల వడ్రంగి. ఇల్లు గడవక ఎనిమిదేళ్ళు నిండేలోపే పనిలో చేరారు. గ్లాస్గో నగరంలో ఒక రొట్టెల దుకాణంలో పని చేసేటప్పుడు తండ్రికి పని లేదు, తల్లి నిండు గర్భిణి, తమ్ముడు చావుబతుకుల్లో ఉన్నాడు. రాత్రంతా తమ్ముని దగ్గర మేల్కొని ఉదయం ఆలస్యంగా వెళ్ళినందుకు యజమాని ఆ పిల్లవాణ్ణి పనిలో నుండి తీసివేశాడు. ఆ అవమానాన్ని హార్డీ జీవితాంతం మరువలేదు.

పదేళ్ళకే ఆయన బొగ్గు గనిలో దిగారు. భూగర్భంలో గాలి ఆడడానికి తలుపులు తెరిచి మూయడం ఆయన పని. రోజంతా చీకటిలో ఒంటరిగా కూర్చోవాలి. చదవడం తల్లి నేర్పింది. పని ముగిశాక రాత్రి బడికి వెళ్ళేవారు. గని దీపం పొగతో నల్లబడ్డ రాతి పలకపై సూదితో గీస్తూ షార్ట్‌హ్యాండ్ సాధన చేశారు.

తోటి కార్మికుల కూలి కోసం గొంతెత్తినందుకు గని యజమానులు ఆయనకు ఎక్కడా పని దొరకకుండా చేశారు. ఆయన వెనుకడుగు వేయలేదు. 1879లో గని కార్మికుల సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1888లో మొదటిసారి ఎన్నికలలో నిలబడితే వచ్చిన ఓట్లు 617 మాత్రమే! అయినా నిరాశ చెందక, 1892లో లండన్ దగ్గరి వెస్ట్‌హామ్ సౌత్ నుండి గెలిచారు. నల్లకోట్లు, పట్టు టోపీలు ధరించిన సభ్యుల మధ్యకు ఆయన మామూలు టోపీతోనే వెళ్ళారు. ఆ రోజుల్లో పార్లమెంటు సభ్యులకు జీతం కూడా లేదు.

1894 జూన్ 23న వేల్స్‌లోని ఆల్బియన్ గనిలో పేలుడు జరిగి సుమారు 290 మంది చనిపోయారు. అదే రోజు రాజవంశంలో ఒక శిశువు జన్మించాడు. పార్లమెంటు రాజకుటుంబానికి అభినందన తీర్మానం పెట్టింది. గని మృతుల కుటుంబాలకు సానుభూతి కూడా తెలపాలని హార్డీ కోరగా నిరాకరించారు. అప్పుడు సభ అంతా కేకలు వేస్తున్నా ఆయన ఒక్కరే లేచి ఆ తీర్మానాన్ని వ్యతిరేకించారు. 1895లో ఆయన ఓడిపోయారు. కానీ 1900లో అదే వేల్స్ గని ప్రాంతంలోని మెర్థిర్ ప్రజలు ఆయనను గెలిపించుకొని, మరణించేవరకు తమ ప్రతినిధిగా ఉంచుకొన్నారు.

1900లో ఏర్పడిన కార్మిక ప్రాతినిధ్య సంఘం 1906లో 29 స్థానాలు గెలిచి లేబర్ పార్టీ అయింది. పార్లమెంటులో దాని మొదటి నాయకుడు హార్డీయే. స్త్రీలకు ఓటుహక్కు కావాలని పోరాడారు. 1907లో మన దేశానికి వచ్చి, విభజనతో అట్టుడుకుతున్న బెంగాల్‌లో పర్యటించారు. భారతీయులకు స్వపరిపాలన ఇవ్వాలన్నందుకు బ్రిటిష్ పత్రికలు ఆయనను దుమ్మెత్తిపోశాయి. 1914లో ప్రపంచయుద్ధాన్ని వ్యతిరేకించి మరోసారి ఒంటరివారయ్యారు. 1915 సెప్టెంబరు 26న గ్లాస్గోలో కన్నుమూశారు.

ఆయన నాటిన మొక్క వృథా కాలేదు. మన స్వాతంత్ర్య చట్టాన్ని 1947లో ఆమోదింపజేసింది అట్లీ నాయకత్వంలోని లేబర్ ప్రభుత్వమే. మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఆగస్టు 15 హార్డీ పుట్టినరోజు కూడా కావడం విశేషం.

మిత్రులారా! మనకు దీపం ఉంది, పుస్తకం ఉంది, పక్కన స్నేహితులు ఉన్నారు. ఆయనకు ఇవేవీ సులభంగా దొరకలేదు. చదువుకొని పైకి వెళ్ళినా, వచ్చిన చోటును ఆయన మరచిపోలేదు. ఆగస్టు 15న మన హాస్టల్‌లో జెండాకు వందనం చేసేటప్పుడు, చీకటిలో పలకపై అక్షరాలు గీసుకొన్న ఆ పిల్లవాణ్ణి కూడా ఒక్కసారి తలచుకుందాం.