సర్పగంధకు పరీక్ష పెట్టిన రామ్‌నాథ్ చోప్రా

రామ్‌నాథ్ చోప్రా 1882 ఆగస్టు 17న గుజ్రాన్‌వాలాలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. లాహోరులో కాలేజీ చదువు అయ్యాక ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివారు. మందు ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుందో తెలిపేది ఔషధశాస్త్రం. అప్పటికి అది కొత్త శాస్త్రం. చోప్రా దాన్ని వాల్టర్ డిక్సన్ అనే ఆచార్యుని దగ్గర నేర్చుకున్నారు.

1908లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లాల్సిన ఉద్యోగమది. మీ ఇళ్లలో ఈ మాట కొత్త కాదు కదా! మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆయన తూర్పు ఆఫ్రికాలో పనిచేశారు. 1921లో కలకత్తాలోని స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో ఆచార్యులయ్యారు.

తాతల నాటి మూలికలన్నీ గొప్పవేనని కొందరు, అవన్నీ మూఢనమ్మకాలేనని ఇంకొందరు వాదించుకునే రోజులవి. చోప్రా ఏ పక్షమూ చేరలేదు. మొక్కలను తెప్పించి, వాటి సారం తీయించి, జంతువులపై పరీక్షించి, కనిపించింది కనిపించినట్టు రాశారు.

అలా పరీక్షించిన వాటిలో సర్పగంధ ఒకటి. మతి చలించినవారిని శాంతపరచడానికి, నిద్ర పట్టించడానికి దాని వేరును తరతరాలుగా వాడేవారు. 1931లో ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ ఆ వేరు నుంచి ఆల్కలాయిడ్లు అనే పదార్థాలను వేరుచేశారు. అటువంటి ఒక ఆల్కలాయిడ్ ఒంట్లో ఎలా పనిచేస్తుందో చోప్రా బృందం 1933లో ప్రకటించింది. భారతదేశపు ఔషధ మొక్కలపై ఆయన పెద్ద గ్రంథం వెలువడిందీ ఆ ఏడాదే. కల్తీ మందులపై ప్రభుత్వం వేసిన విచారణ సంఘానికీ ఆయనే అధ్యక్షులు. 1940 నాటి ఔషధాల చట్టానికి ఆ సంఘం నివేదికే పునాది.

ఆయన జీవితకాలంలోనే సర్పగంధ కథ మలుపు తిరిగింది. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు ఆ వేరు నుంచి రెసర్పిన్‌ను వేరుచేశారు. రక్తపోటుకూ, మానసిక వ్యాధులకూ అది మందయింది. అయితే వాడినవారిలో కొందరు తీవ్రమైన దిగులులో పడ్డారని వైద్యులు గమనించారు. రెసర్పిన్ ఇచ్చిన ఎలుకలు కూడా కదలకుండా ముడుచుకునేవి, కనురెప్పలు వాల్చేసేవి. మెదడులో సెరటోనిన్ వంటి రసాయనాల నిల్వలను అది ఖాళీ చేస్తుందని తేలింది.

ఆ హానే ఒక దారి చూపింది. రెసర్పిన్ ఇచ్చిన ఎలుకకు కొత్త మందు ఇచ్చి, అది తేరుకుంటుందేమో చూడటం దిగులు మందులను వెతికే ఒక పరీక్ష అయింది. ఇప్పుడు మొక్కల నుంచి తీసిన పదార్థాలను ఒత్తిడికి గురైన ఎలుకలపైనా పరీక్షిస్తున్నారు. ఎలుకలో పనిచేసిందల్లా మనిషిలో పనిచేయదు. అందుకే ఆ తరువాత మనుషులలోనూ జాగ్రత్తగా పరీక్షించాలి.

చోప్రా తన చివరి ఉద్యోగ కాలంలో జమ్ములోని ఔషధ పరిశోధనశాలను తీర్చిదిద్దారు. 1973లో కన్నుమూశారు.

పిల్లలూ! ఫలానా ఆకు తింటే దిగులు పోతుందని ఎవరైనా చెబితే, ఎవరు పరీక్షించారు, ఎంత మోతాదు, హాని ఏమైనా ఉందా అని అడగండి. మొక్క నుంచి వచ్చినంత మాత్రాన మందు మెత్తనిది కాదని సర్పగంధే చెబుతోంది. ఊరు మారి, స్నేహితులు దూరమై పట్టుకున్న దిగులు వారాలు గడిచినా వదలకపోతే అమ్మానాన్నలకో టీచరుకో చెప్పండి. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడకండి.