బొమ్మల పుస్తకానికి ఆద్యుడు కొమీనియస్

పదునేడవ శతాబ్దపు ఐరోపాలో పసివాడు బడికి పోవడమంటే లాటిన్ వ్యాకరణంతో కుస్తీ పట్టడమే. అర్థమెరుగని మాటలను వల్లించడం, వల్లించలేనప్పుడు బెత్తపు దెబ్బలు తినడం, ఇదే చదువు. మాటకు ముందు వస్తువును చూపాలనీ, వస్తువు దొరకనప్పుడు దాని బొమ్మనైనా చూపాలనీ పట్టుబట్టి, అందుకు తగిన పుస్తకాన్ని స్వయంగా రచించి ఇచ్చినవాడు యాన్ ఆమోస్ కొమెన్‌స్కీ. లాటిన్ వాడుకను బట్టి లోకం ఆయనను కొమీనియస్ అని పిలుస్తున్నది.

నేటి చెక్ దేశంలోని మొరావియా ప్రాంతంలో 1592 మార్చి 28న ఆయన జన్మించినాడు. సోదరసంఘమనే చిన్న ప్రొటెస్టెంటు శాఖకు చెందిన కుటుంబం. పన్నెండేండ్ల ప్రాయంలోనే తల్లిదండ్రులు గతించినారు. లాటిన్ పాఠశాలలో చేరేసరికి పదహారేండ్లు నిండినవి. ఈ ఆలస్యం ఒక విధంగా మేలే చేసినదనాలి. చిన్నపిల్లలు మౌనంగా సహించే బోధనాలోపాలను ఆయన వయస్సు వచ్చిన బుద్ధితో పరిశీలించగలిగినాడు. తరువాత జర్మనీలోని హెర్బార్న్, హైడెల్‌బర్గ్ విద్యాపీఠాలలో చదివి, స్వదేశానికి మరలి వచ్చి, ఫుల్‌నెక్ అనే ఊరిలో మతగురువుగాను, ఉపాధ్యాయుడుగాను కుదురుకొన్నాడు.

ఆ సంవత్సరం 1618. ముప్పదేండ్ల యుద్ధానికి నిప్పంటుకొన్నది అప్పుడే. 1620లో ప్రాగ్ సమీపాన జరిగిన యుద్ధంలో చెక్ ప్రొటెస్టెంటులు ఓడిపోగా, కొమీనియస్ ఊరు విడిచి తలదాచుకొనవలసి వచ్చినది. 1622లో మహమ్మారి భార్యను, ఇద్దరు బిడ్డలను పొట్టన పెట్టుకొన్నది. మరుసటి ఏడు ఆయన పుస్తకాలను ఫుల్‌నెక్‌లో తగులబెట్టినారు. 1628లో తోటివారితో కలిసి పోలెండులోని లెష్నో పట్టణం చేరినాడు. స్వదేశంలో మరల కాపురముండే భాగ్యం ఆయనకు కలుగలేదు.

లెష్నోలో ఆయన మరల బడిపంతులు. 1631లో వెలువడిన లాటిన్ వాచకం, ఎనిమిదివేల మాటలను వెయ్యి వాక్యాలలో ఇమిడ్చిన గ్రంథం, ఆయన పేరును ఐరోపా అంతటా మ్రోగించినది. ఆరేండ్లలోపు శిశువుకు తల్లి ఒడియే బడియని నిరూపించే గ్రంథం వ్రాసినది కూడా ఇక్కడనే. చిన్నవారికి బొమ్మల పుస్తకం ఒకటి కావాలన్న తలంపు అందులోనే మొలకెత్తినది. 1641లో ఇంగ్లండు, ఆ తరువాత స్వీడన్ ఆయనను ఆహ్వానించినవి. సకల విజ్ఞానాన్ని ఒక్క చోట కూర్చి, మానవులందరి నడుమ శాంతి నెలకొల్పే మహాగ్రంథం వ్రాయాలని ఆయన ఆశ. స్వీడన్ ప్రభువులకు కావలసినవి పాఠ్యపుస్తకాలు. వాచకాల పని తన అసలు పనికి అడ్డమని ఆయన లోలోపల విసిగినాడు.

1650లో హంగరీలోని షారోష్‌పటక్‌కు వెళ్లినాడు. అక్కడి బడి పిల్లలకు ఆయన తేలిక వాచకం కూడా కొరుకుడు పడలేదు. ఇతర పండితులైతే పిల్లలను నిందించి ఉండేవారు. కొమీనియస్ పుస్తకాన్ని మార్చినాడు. ‘ఆర్బిస్ సెన్సువాలియం పిక్టస్’, అనగా కంటికి, చెవికి, చేతికి అందే ప్రపంచపు చిత్రం, అలా పుట్టినది.

అందులో నూట ఏబది పాఠాలు. ప్రతి పాఠానికి పైన ఒక బొమ్మ. బొమ్మలోని ప్రతి వస్తువుకు ఒక అంకె, క్రింది వాక్యంలో ఆ వస్తువు పేరు ప్రక్కన అదే అంకె. లాటిన్ వాక్యం ఎదుట పిల్లవాని మాతృభాషలో వాక్యం. అక్షరాలు నేర్పే పుటలో కాకి అరుపు, గొర్రెపిల్ల అరుపు, గాలి ఊదు, పాము బుస ఒక్కొక్క ధ్వనిని నేర్పుతవి. ‘అ’ ప్రక్కన అమ్మను, ‘ఆ’ ప్రక్కన ఆవును చూసి పెరిగిన మన పిల్లలకు ఈ పద్ధతి క్రొత్త కాదు. ఆకాశం, నిప్పు, రొట్టె కాల్చేవాడు, మంగలి, వడ్రంగి, అచ్చుకూటం, పుస్తకాల అంగడి, అన్నీ కలవు. నేరస్థుల శిక్షల బొమ్మ సైతం కలదు. నేటి ఉపాధ్యాయుడు ఆ పుటను త్వరగా త్రిప్పివేస్తాడు. కంటికి కనబడని ఆత్మను ఎట్లా చూపడం? చుక్కలతో మనిషి ఆకారాన్ని గీయించి ఊరుకొన్నాడు. బడిలో చేరకముందే పుస్తకాన్ని పిల్లల చేతికిచ్చి తనివితీర చూడనివ్వాలనీ, బొమ్మలను చూసి వారినే గీయనివ్వాలనీ పీఠికలో ఆయన సూచన.

షారోష్‌పటక్‌లో అంత నేర్పుగల చెక్కడపు పనివారు లేరు. వ్రాతప్రతి జర్మనీలోని న్యూరెంబర్గుకు ప్రయాణం కట్టినది. ఈలోగా లెష్నోకు మరలిన కొమీనియస్, పోలెండుపై దండెత్తిన స్వీడన్ రాజును స్తుతిస్తూ ఒక రచన ప్రకటించినాడు. ఆశ్రయమిచ్చిన దేశం విషయంలో అది వివేకం కాదు. 1656 ఏప్రిలులో పోలిష్ దళాలు లెష్నోను తగులబెట్టినవి. ఇల్లు, గ్రంథాలయం, నలుబదేండ్లుగా కూర్చుతూ వచ్చిన చెక్ నిఘంటువు బూడిద అయినవి. అరువది నాలుగేండ్ల వయస్సులో ఆయన ఆమ్‌స్టర్‌డామ్ చేరినాడు.

రెండేండ్లకు, 1658లో, న్యూరెంబర్గులో మిఖాయెల్ ఎండ్టర్ బొమ్మల పుస్తకాన్ని లాటిన్, జర్మన్ భాషలలో అచ్చువేసినాడు. మరుసటి ఏడే లండన్ ఉపాధ్యాయుడు చార్లెస్ హూల్ దానిని ఆంగ్లంలోకి తెచ్చినాడు. 1685లో లెవోచాలో నాలుగు భాషల ప్రతి వెలువడినది. పదునెనిమిదవ శతాబ్దంలో ఫ్రాంక్‌ఫర్టులో పెరిగిన గేటె మహాకవి తన బాల్యాన చేతికందిన పుస్తకాలలో దీనిని స్మరించినాడు. బాలల కోసం బొమ్మలతో కూర్చిన తొలి పాఠ్యగ్రంథంగా విద్యాచరిత్రకారులు దీనిని గణిస్తారు. 1990 నుండి అమెరికాలో ఆంగ్లోపాధ్యాయుల జాతీయ సంఘం, కల్పితం కాని ఉత్తమ బాలల గ్రంథానికి ఈ పుస్తకం పేరిటనే బహుమతి ఇస్తున్నది. చెక్ దేశంలో ఆయన జన్మదినమే ఉపాధ్యాయ దినోత్సవం.

1670 నవంబరు 15న కొమీనియస్ ఆమ్‌స్టర్‌డామ్‌లో కన్నుమూసినాడు. సమాధి నార్డెన్ పట్టణంలో ఉన్నది. ప్రాణంగా చూసుకొన్న ఏడు భాగాల మహాగ్రంథం అసంపూర్ణంగా మిగిలిపోగా, ప్రచురణ భారం కుమారునిపై పెట్టినాడు. ఆ వ్రాతప్రతి కనుమరుగై, 1930-40 దశకంలో జర్మనీలోని హాల్లే నగరపు అనాథాశ్రమ గ్రంథభాండాగారంలో బయటపడినది. ప్రాగ్‌లో అది అచ్చయినది 1966లో. అప్పటికి బొమ్మల పుస్తకం వయస్సు 308 ఏండ్లు.