ఎదిగే వయసు దిగులు – ఆనా ఫ్రాయిడ్

సిగ్మండ్ ఫ్రాయిడ్ పేరు వినని విద్యార్థి ఉండడు. ఆయన ఆరుగురు సంతానంలో కడగొట్టు బిడ్డ ఆనా గురించి తెలిసినవారు మాత్రం తక్కువే. 1895 డిసెంబరు 3న వియన్నాలో పుట్టిన ఈమె విశ్వవిద్యాలయం మెట్లెక్కలేదు, వైద్యం చదవలేదు. బడిపంతులమ్మగా జీవితం మొదలుపెట్టారు.

పదిహేడో ఏట ఆమెకే ఒంట్లోను, మనసులోను నలత చేసింది. 1913 జనవరిలో అక్క సోఫీ పెళ్ళి జరుగుతుంటే, ఈమె నేటి ఇటలీలోని మెరానోలో విశ్రాంతి తీసుకుంటున్నారు. 1918లో తండ్రి దగ్గరే మనోవిశ్లేషణ చేయించుకున్నారు. కన్నతండ్రే చికిత్సకుడు కావడం ఈనాటి పద్ధతుల ప్రకారం బొత్తిగా కూడని పని. ఏమైతేనేం, 1922 నాటికి ఆమె వియన్నా మనోవిశ్లేషణ సంఘంలో సభ్యురాలయ్యారు.

పెద్దవాళ్ళు తమంత తాము చికిత్సకు వస్తారు, సోఫా మీద పడుకుని తోచిందల్లా చెబుతారు. పిల్లల సంగతి వేరు. అమ్మానాన్నలు లాక్కొస్తే వస్తారు, తమకేదో బాధ ఉందని ఒప్పుకోరు. ముందు చెలిమి కుదిరితే గాని చికిత్స సాగదని ఆనా గ్రహించారు. ఒక అబ్బాయి కోసం టైపు మిషను ముందు కూర్చుని వాడు చెప్పిన ఉత్తరాలు కొట్టిపెట్టారు. ఒక అమ్మాయి బొమ్మలకు ఊలు బట్టలు అల్లిచ్చారు. 1927లో వచ్చిన ఆమె పుస్తకంలో ఈ ముచ్చట్లున్నాయి. ఇలాంటి ముందస్తు తయారీ అనవసరమని, పిల్లల ఆటలోనే మనసు మొదటి రోజునుంచీ చదవవచ్చని మెలనీ క్లైన్ వాదించారు. ఆ తగాదా లండన్ సంఘంలో యుద్ధం రోజుల్లోనూ నడిచింది!

1938 మార్చి 22న నాజీ పోలీసులు ఆనాను విచారణకు పట్టుకుపోయి సాయంత్రానికి వదిలారు. జూన్ 4న కుటుంబం వియన్నా వదిలింది. యుద్ధకాలంలో ఆమె, స్నేహితురాలు డొరొతీ బర్లింగ్‌హామ్ కలిసి లండన్‌లో ఇళ్ళకు దూరమైన పిల్లలకోసం శిశుగృహాలు నడిపారు. 1952లో హాంప్‌స్టెడ్ క్లినిక్ వెలిసింది.

మన వయసువారు తప్పక తెలుసుకోవలసింది మాత్రం 1958లో కౌమారంపై ఆమె రాసిన వ్యాసం. ఆ వయసువారి మనసు ఆప్తులు పోయినవారి మనసులాంటిదట, ప్రేమ చెడినవారి మనసులాంటిదట. తల్లిదండ్రుల మీద పెనవేసుకున్న మమత విడివడుతుంటే లోపల శోకం పుడుతుంది. ఇప్పటి బాధలోనే మునిగి ఉన్నవాణ్ణి కూర్చోబెట్టి చిన్ననాటి సంగతులు తవ్వమంటే ఓపిక ఎక్కడిది? ఆలస్యంగా వస్తాడు, ఎగ్గొడతాడు, ఒకరోజు చెప్పాపెట్టకుండా మానేస్తాడు. దాన్ని పొగరనుకుంటే చికిత్స అక్కడితో సరి. ఆ వయసులో అల్లకల్లోలం సహజమనీ, ఏ కదలికా లేకుండా మరీ బుద్ధిమంతుడిగా ఉండేవాడి గురించే ఆలోచించాలనీ ఆమె అభిప్రాయం. ఒక్కోసారి పిల్లవాడికంటే ముందు తల్లిదండ్రులకే సాయం కావాలని కూడా అన్నారు. ఈ వయసువారి చికిత్సలో తమవారి విజయాలు అంతంతమాత్రమేనని ఆమె దాచలేదు. నాకు ఆమెమీద గౌరవం కలిగింది ఇక్కడే.

చదువు మెట్లెక్కని ఆమెకు 1972లో వియన్నా విశ్వవిద్యాలయం వైద్యంలో గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1982 అక్టోబరు 9న లండన్‌లో కన్నుమూశారు. తర్వాత క్లినిక్కుకు ఆమె పేరే పెట్టారు. 2017లో అచ్చయిన ఒక బ్రిటిష్ అధ్యయనం, కుంగుబాటుతో బాధపడే 465 మంది కౌమారులకు మూడు రకాల చికిత్సలు చేసి చూసింది. ఒకటి మరొకదానికంటే మేలని తేలలేదు. మధ్యలో మానేసినవాళ్ళు ఎందుకు మానేశారో కూడా ఆ పరిశోధకులు విడిగా ఆరా తీశారు.