ఆయిలింజను దొర ఏమైనట్లు?

బావి గట్టున ఆయిలింజను చప్పుడు వినని రైతు ఒకప్పుడు అరుదు. కరెంటు మోటార్లు వచ్చాక ఆ చప్పుడు తగ్గింది గాని, ట్రాక్టరూ లారీ నడిచేది ఆ తరహా ఇంజనుతోనే. అందులో పోసే డీజిలుకు ఆ పేరు ఒక మనిషి నుంచి వచ్చింది. ఆయన 1913లో ఒక రాత్రి, నడిసముద్రంలో ఓడ మీద నుంచి మాయమయ్యాడు.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మన్లు. తండ్రి తోలు సామాన్లు చేసి సంసారం ఈదేవాడు. 1870లో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం రావడంతో ఆ కుటుంబం ఊరు విడిచి లండన్ చేరింది. పన్నెండేళ్ల రుడాల్ఫ్‌ను జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో బంధువుల ఇంటికి పంపారు. పరాయి పంచన పెరిగినా చదువులో ఎవరికీ తీసిపోలేదు. మ్యూనిచ్‌లో ఇంజనీరింగు చదివి, మంచు యంత్రాల తయారీలో పేరుపొందిన తన గురువు లిండే వద్దే ఉద్యోగంలో చేరాడు.

ఆనాటి ఆవిరి యంత్రాలలో నూరుపాళ్ల బొగ్గు తగలేస్తే పనికి వచ్చేది పదిపాళ్లు కూడా కాదు. మిగిలినదంతా వృథా. ఈ దుబారా డీజిల్‌ను పట్టి పీడించింది. సైకిలుకు గాలి కొడితే పంపు అడుగున వేడెక్కడం అందరూ ఎరిగిందే. గాలిని ఇంకా గట్టిగా అదిమి, ఆ వేడిలోకి నూనె చిమ్మితే నిప్పు పెట్టకుండానే అంటుకుంటుందని ఆయన లెక్క. 1893లో పేటెంటు పొందాడు. అదే ఏడు మొదటి పరీక్షలో యంత్రం భాగం పేలి, త్రుటిలో ప్రాణాలు దక్కాయి. 1897 నాటికి ఆయన ఇంజను నూటికి 26 పాళ్లు పనికి మళ్లించింది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఈ రకం ఇంజను ఒకదాన్ని వేరుశనగ నూనెతో నడిపారు. శనగ పండించే రైతులు గుర్తుంచుకోదగిన సంగతి ఇది.

డబ్బు వచ్చిపడింది. మ్యూనిచ్‌లో పెద్ద మేడ కట్టాడు. అయితే యంత్రాలకున్న తెలివి బేరాలకు లేకపోయింది. భూముల మీద పెట్టిన సొమ్ము మునిగింది. పేటెంటు తగాదాలు, విడవని తలనొప్పులు ఆయన్ను కుంగదీశాయి.

1913 సెప్టెంబర్ 29 సాయంత్రం ఆంట్వెర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే స్టీమరు ఎక్కాడు. ఇంగ్లండులో కంపెనీ పని. తోడు ఇద్దరు స్నేహితులు. ముగ్గురూ కలసి భోంచేశారు. రాత్రి పది గంటల వేళ, ఉదయం 6.15కు లేపమని చెప్పి గదిలోకి వెళ్లాడు. తెల్లవారాక చూస్తే మంచం నలగలేదు. రాత్రి దుస్తులు మడత విప్పకుండా ఉన్నాయి. గడియారం పక్క మీది నుంచి కనపడేలా పెట్టి ఉంది. టోపీ, కోటు ఓడ వెనుక కటకటాల వద్ద దొరికాయి. మనిషి లేడు.

పది రోజుల తర్వాత డచ్చి పడవ వాళ్లకు సముద్రంలో ఒక శవం కనిపించింది. బాగా చెడిపోయి ఉండడంతో జేబుల్లోని మాత్రల డబ్బా, కళ్లజోడు పెట్టె వంటివి తీసుకుని శవాన్ని నీళ్లకే వదిలేశారు. ఆ వస్తువులు తండ్రివేనని చిన్న కొడుకు గుర్తుపట్టాడు.

ఆత్మహత్య అని చాలామంది తేల్చారు. బలం ఉన్న మాటే. ప్రయాణానికి ముందు భార్యకు ఒక సంచి ఇచ్చి, వారం దాకా తెరవవద్దన్నాడు. అందులో కొంత నగదు, బ్యాంకుల్లో ఏమీ మిగల్లేదని తెలిపే కాగితాలు ఉన్నాయి. డైరీలో ఆ తేదీ వద్ద శిలువ గుర్తు ఉంది. మరి చావబోయే మనిషి పొద్దున్నే లేపమని ఎందుకు చెప్పినట్లు? స్నేహితులకు అనుమానం రాకుండా అని సరిపెట్టుకోవాలి.

జలాంతర్గాముల రహస్యాలు ఇంగ్లండుకు చేరతాయని జర్మనీ వేగులు చంపించారని మరో వాదం. ఇది అంతగా నిలవదు. పేటెంటు గడువు అప్పటికే తీరింది, ఇంగ్లండు జలాంతర్గాములూ డీజిల్ ఇంజన్లతో నడుస్తున్నాయి. పెట్రోలు షావుకార్లు చేయించారన్నదీ అలాంటిదే. ఆ ఇంజను వల్ల వాళ్ల నూనెకు గిరాకీ పెరిగిందే గాని తగ్గలేదు. ఆయన చావలేదు, ఇంగ్లండు ప్రభుత్వమే రహస్యంగా దాచిందని అమెరికా రచయిత డగ్లస్ బ్రంట్ 2023లో ఒక పుస్తకమే రాశాడు. భార్యాబిడ్డలను అప్పుల్లో వదిలి అలా బతికే మనిషా అన్నది వేరే ప్రశ్న.

అన్ని వాదాలకూ చోటిచ్చింది ఆ డచ్చి పడవే. శవం ఒడ్డుకు చేరి వైద్యులు చూసి ఉంటే, తల మీద దెబ్బ ఉందో లేదో ఆనాడే తేలేది. రుడాల్ఫ్ డీజిల్‌కు సమాధి కూడా లేదు.